ఏడో నంబరు పడవ

విజయనగరం,
మే 19

తాతకి,

ఫోనులో నా మాట నీకు వినపడదు. నీ మాటకి నా చెవి మూడు రోజులు గుయ్యిమంటుంది. అందుకే ఇకనుంచి ఉత్తరాలే. అంగన్‌వాడీలో పిల్లలు వెళ్లిపోయాక కుమారి అక్క చదివి వినిపిస్తానంది. అక్కా, నెమ్మదిగా, గట్టిగా చదువు. ఒక్క ముక్క వదలకు.

తాతా, ఓడ దొరికింది!

మన ఇంట్లో చక్రాల ఓడ అని చెప్పుకుంటారే, పెద్ద కరువులో రంగూను నుంచి బియ్యం తెచ్చిన ఓడ, అదే. దాని పేరు సెరాఫిన్. ఇంగ్లండు రాణిగారి నౌకాదళానిది. సెప్టెంబరులో మా కాలేజీలో కోస్తా రేవుల చరిత్ర మీద ప్రదర్శన పెడుతున్నారు. ఎమ్మే వాళ్లం తలా ఒక ఓడ గురించి చదివి బోర్డు తయారుచెయ్యాలి. నరసింగరావు సర్ జాబితా చదువుతుంటే అందరూ పేరున్న ఓడల కోసం పోటీపడ్డారు. చివర్లో "సెరాఫిన్, కళింగపట్నం, 1866, బియ్యం" అన్నారు. మన ఊరి పక్క రేవే కదా, నేను చెయ్యెత్తడం కాదు, లేచి నిలబడిపోయాను.

ఓడ మీద జరిగిన ప్రతిదీ గంట గంటకీ రాసే దినచర్య పుస్తకాలుంటాయి. వాటి ఫొటోలు లండను నుంచి మా కంప్యూటరుకి వచ్చాయి. రెండు పక్కలా రెండు చక్రాలు, ఒక్కొక్కటి మన తుఫాను షెల్టరంత ఎత్తు. కింద బొగ్గు మండుతుంటే ఆవిరికి చక్రాలు తిరిగి నీటిని వెనక్కి తోస్తాయి. గాలి అనుకూలిస్తే బొగ్గు ఆదా చెయ్యడానికి తెరచాపలు ఎత్తేవారు. బొమ్మ చూస్తూ అరగంట కూర్చున్నాను. ఒడ్డుకి రాలేక సముద్రంలో దూరంగా ఆగిన ఈ ఓడ పక్కకి నీ ముత్తాత పోలయ్య తన పడవ చేర్చి నిలబడ్డాడంటే నాకు ఒళ్లు పులకరించింది.

ఇంకా 1866 దాకా రాలేదు. వరుసగా చదువుతున్నాను. దొరకగానే రాస్తాను.

నీ
అరుణశ్రీ


ఇసకదిబ్బలపాలెం,
మే 27

(అరుణా, మామ చెప్పింది చెప్పినట్టే రాయమన్నాడు. దిద్దితే ఊరుకోడట. ఇక నా మాట లేదు. - కుమారి)

ఒసే గుంటా,

నీ ఉత్తరం అందింది. కుమారి గుమ్మంలో నిలబడి సదివింది, ఈది ఈదంతా ఇన్నాది. మీ నాయనమ్మ అసిరమ్మ రెండోపాలి సదివించుకున్నాది. దానికి సెవులు బాగానే ఉన్నాయి, అయినా సదివించుకున్నాది.

వేట నిషేధం గదా, అందరం ఒడ్డునే ఉన్నాం. వలలు కుట్టుకుంటన్నాం. నాగబాబు ఉన్నాడు సూడు, ఆడి నోరు మూత పడదు. "మావా, దొరల పుస్తకంలో మీ ముత్తాత పేరుంటాదేటి? ఆళ్లకి మన పేర్లు నోరు తిరుగుతాయేటి?" అన్నాడు. "పేరు లేకపోతే నంబరుంటాది. ఏడో నంబరు పడవ. మా గుంట సదివి సెప్తాది, అప్పటిదాకా నోరుమూసుకుని ముడులెయ్యి" అన్నాను.

జూను పదిహేనుకి నిషేధం ఎత్తీస్తారు. గంగమ్మకి ముద్ద పెట్టినాక ఊరందరికన్నా ముందు, బంతి బోజనంలో తొలి ఆకు నా ముందరే ఏస్తారు. మా నాన్న ముందర ఏసినారు, ఆడి నాన్న ముందర ఏసినారు. ఎందుకు? మాకు మేడలున్నాయనా? కరువులో జనం సింతపిక్కలు ఉడకేసుకు తింటంటే, పోలయ్య కెరటాలు దాటించి బియ్యం దించినాడని. ఈ ఏడు ఆకు ముందర కూకున్నప్పుడు నీ కాగితం మాట కూడా సెప్తాను.

మీ నాన్నకి రెండో తరగతిలోనే పలక లాగీసి తెడ్డు సేతికిచ్చినాను. మా ఇంట్లో అచ్చరమ్ముక్క వచ్చినదానివి నువ్వే. నువ్వు సదివిందే మాకు సదువు. బోర్డు మీద పోలయ్య పేరు లావుగా రాయి, నాకు సదవడం రాకపోయినా కనపడాల.

మీ తాత
నూకయ్య


విజయనగరం,
జూన్ 6

తాతకి,

ఓడ కథ చెబుతాను విను.

సెరాఫిన్‌ను 1847లో లండను పక్కన థేమ్స్ నదిలో దించారు. ఆరు ఫిరంగులు, నూట అరవై మంది మనుషులు. 1852లో రంగూను యుద్ధానికి వెళ్లింది. తెరచాప ఓడలు గాలి లేక నిలిచిపోతే, ఇది వాటిని తాడుకట్టి ఒక్కొక్కటిగా నదిలోకి లాగింది. రెండేళ్లకి రష్యా వాళ్లతో యుద్ధం, నల్ల సముద్రం. అక్కడ ఒక చలికాలపు తుఫానులో తనకంటే పెద్ద ఓడని పద్నాలుగు గంటలు లాగి బండల మీద పడకుండా కాపాడింది. ఎడమ చక్రం పలకలు సగం విరిగిపోయినా ఆగలేదు. ఆ రోజు పుటలో చేతిరాత వణికిపోయి ఉంది. 1857లో కలకత్తాకి సైనికులను మోసింది. 1860లో చైనా. రోజుకి ఇరవై టన్నుల బొగ్గు తినేది. బొగ్గు వేసేవాళ్లు వేడికి సొమ్మసిల్లితే పైకి తెచ్చి నీళ్లు చల్లేవారట.

ఒక్కో పుటా చదువుతుంటే అది మన ఇంటి పడవే అన్నట్టు గర్వంగా ఉంటోంది.

1866 పుటలు ఇంకా పూర్తిగా చదవలేదు. చేతిరాత చాలా కష్టంగా ఉంది. ఈ ఆదివారం కూడా రాలేను, పని ఉంది. గంగమ్మ పూజకి రాలేకపోతున్నందుకు నాయనమ్మని ఏమీ అనుకోవద్దను.

అరుణశ్రీ


ఇసకదిబ్బలపాలెం,
జూన్ 17

అరుణకి,

పూజ బాగా జరిగింది. తొలి ఆకు ముందర కూకుని, "మా పోలయ్య మాట ఇప్పుడు లండను కాగితంలో దొరికింది. మా మనవరాలు ఇజీనారంలో బోర్డు కడతాది" అన్నాను. ఈలలేసినారు. నాగబాబు కూడా ఏసినాడు.

ఓడ కథ బాగున్నాది. ఆ ఆరు ఫిరంగులూ ఎవుల మీద పేల్సినారో నువ్వు రాయలేదు. రంగూనోళ్లేటి సేసినారు దొరలకి? మనకి బియ్యం అక్కడినుంచే వచ్చినాయి గదా. పడవ గొప్పా, పడవలో ఉన్నోడి గొప్పా ఒకటి కాదే గుంటా. గర్వపడితే రెండూ సూసి గర్వపడాల.

ఇంకొకటి. సేతిరాత కష్టంగా ఉన్నాదన్నావు. మూడో తరగతిలో ఉన్నప్పుడు కోటబొమ్మాళి డాక్టరు రాసిన సీటీ గడగడ సదివీసినావు. ఆ డాక్టరు రాత మందుల కొట్టోడికే తెలీలేదు, నువ్వు సెప్పినావు. ఇప్పుడు ఎమ్మే సదువుతా రాత తెలీదంటే నానెలగ నమ్ముతాను?

నాలుగు ఆదివారాలయింది. బస్సులో మూడు గంటలు.

ఏటి దాస్తన్నావు?

నూకయ్య


విజయనగరం,
జూన్ 23

తాతకి,

కుమారి అక్కా, దయచేసి ఈ ఉత్తరం వీధిలో చదవొద్దు. తాతని ఒడ్డుకి తీసుకెళ్లి, ఎవరూ లేని చోట చదువు.

తాతా, నేను అబద్ధం చెప్పాను. 1866 పుటలు మే నెలాఖరుకే తెరిచాను, ఏడో నంబరు పడవ కోసం వెతికి, అది దొరికిన గీత దగ్గరే ఆగిపోయాను, ముందూ వెనకా చదవలేదు. జులై 16న ఇలా ఉంది. తెలుగులో రాస్తున్నాను:

"మధ్యాహ్నం 3.10. ఏడో నంబరు పడవలో నలభై బస్తాల బియ్యం, వెంట ఓడ అధికారి రెండో లెఫ్టినెంటు. కెరటాలు విరిగే చోటి దాకా వెళ్లి పడవవాళ్లు తెడ్లు పైకెత్తేసి, ముందుకు సాగడానికి ఒప్పుకోలేదు. ఎన్నిసార్లు ఆజ్ఞాపించినా, చివరికి కొట్టినా, పడవ నడిపేవాడు బదులివ్వలేదు. అవిధేయత కింద అతన్ని పనిలోంచి తీసివేసి, పడవ నంబరు రేకు తీసుకోవడమైనది."

అంతే. రాసింది ఆ లెఫ్టినెంటే. ఏడో నంబరు పడవ అంటే పోలయ్యే కదా. ఒడ్డున జనం చింతపిక్కలు తింటుంటే, నలభై బస్తాలు పడవలో పెట్టుకుని ముందుకు రానన్నాడా? కూలి ఎక్కువ అడిగాడా? భయపడ్డాడా? ఇది ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. అర్థం మారుతుందేమోనని ఇంగ్లీషు నిఘంటువు కూడా చూశాను. మారలేదు.

నరసింగరావు సర్‌తో ఇది మా ఇంటి పెద్ద గురించి అని చెప్పలేదు. "కాగితంలో ఉన్నది దాచితే అది చరిత్ర కాదు" అని ఆయన మొదటి రోజే చెప్పారు. అది నిజమని నాకూ తెలుసు. దాచి బోర్డు రాయలేను. ఇది రాసి నీ మొహం చూడలేను. ఆ ఓడ వద్దని, వేరేది ఇమ్మని అడగనా? నువ్వు ఏమంటే అదే చేస్తాను.

నన్ను చదివించింది ఇందుకా అనిపిస్తోంది.

అరుణశ్రీ


ఇసకదిబ్బలపాలెం,
జూన్ 29

అరుణా,

ఇది నేను, కుమారిని. మామ ఏమీ రాయించలేదు. జరిగింది నీకు తెలియాలని నాకు నేనే రాస్తున్నాను.

నువ్వు చెప్పినట్టే ఒడ్డుకి రమ్మన్నాను. ఎందుకని అడిగాడు. ఒంటరిగా చదవాలట అన్నాను. "దొంగసాటుగా ఇనడానికి నానేటి దొంగనా? ఎప్పుడూ సదివే సోటే సదువు" అన్నాడు. గొంతు తగ్గించి చదివితే "గట్టిగా" అన్నాడు. నాలుగు ఇళ్ల వాళ్లు గుమ్మాల్లోకి వచ్చి విన్నారు.

అయిపోయాక నాగబాబు, "ఏటి మావా, తొలి ఆకు కడిగి ఎనక్కిచ్చీమంటావా?" అన్నాడు. అసిరమ్మ అత్త చీపురు తీసింది. మామ మాత్రం నా చేతిలోంచి ఉత్తరం తీసుకున్నాడు. లేచి ఒడ్డుకి వెళ్లిపోయాడు.

ఆరోజు నుంచి పొద్దున్నే వెళ్లి ఇసకలో కూర్చుంటున్నాడు. అన్నానికి పిలిస్తే వస్తాడు, తిని మళ్లీ వెళ్తాడు. నిన్న నన్ను పిలిచి "ఆ తేదీనాటికి తిథేటో పంచాంగం సూసి సెప్పు" అన్నాడు. ఫోనులో వెతికి, ఆషాఢంలో అమావాస్య వెళ్లిన నాలుగో రోజని చెప్పాను. తలూపాడు.

నువ్వు వస్తానంటావేమో. వద్దన్నాడు. "ఇప్పుడు రావొద్దని రాయి" అన్నాడు. ఆ ఒక్కటే మాట.

కుమారి


విజయనగరం,
జులై 5

తాతకి,

నీకు కోపం వచ్చిందని తెలుసు. తిట్టు. కుమారి అక్క చేత రెండు పేజీల తిట్లు రాయించు. ఊరికే ఉండకు. నువ్వు ఊరుకుంటే నాకు పుస్తకం మీద దృష్టి నిలవడం లేదు.

బోర్డు ముసాయిదా ఇవ్వడానికి సర్ ఈ నెలాఖరు వరకే గడువిచ్చారు.

అరుణశ్రీ


ఇసకదిబ్బలపాలెం,
జులై 12

అరుణా, అమ్మా,

నాకు కోపమెందుకొస్తాది? నాను ఆలోసిస్తన్నాను. నాకు ఆలోసన నెమ్మదిగా వస్తాది, నీలాగ కంప్యూటరు లేదు.

ఇను. మొన్న బుధవారం, ఆషాఢంలో అమాస ఎల్లిన నాలుగో రోజు. దొర రాసిన రోజూ అదే తిథి, తిథి ఒకటైతే సముద్రం పోటూ ఒకలాగే ఉంటాది. గంగరాజు పడవ తీయించినాను. నాగబాబుని కూడా ఎక్కించినాను. ఆడు "నానెందుకు మావా" అన్నాడు. "నోరున్నోడు ఒకడు కావాల" అన్నాను.

మద్దేనం సముద్రంలోకి ఎల్లి, మూడు గంటలకి ఎనక్కి తిరిగినాం. కెరటాలు ఇరిగే సోటికొచ్చినాక గంగరాజు ఇంజను తగ్గించీసినాడు. నాను ముందర కూకుని సెయ్యెత్తినాను. నీకు ఇది తెలీదు, అందుకు సెప్తన్నాను. పెద్ద కెరటాలు ఒకటీ ఒకటీ రావు, మందలాగ వస్తాయి. మంద ఎల్లిపోయినాక కొంతసేపు సందు దొరుకుతాది. ఆ సందులో దూరితే ఒడ్డు. ముందు దూరితే సావు. ఆ సందు కోసం కెరటాలకి ఎనకాల కాసుకోవాల. ఇప్పుడు ఇంజనుంది, అప్పుడు తెడ్లు. పైకెత్తి ఉంచుతారు, నీళ్లలో ఉంటే కెరటం తెడ్డుని లాగి పడవని అడ్డం తిప్పీస్తాది.

కాసుకున్నంతసేపూ సెయ్యెత్తినోడితో ఎవుడూ మాటాడకూడదు. ఆడూ మాటాడకూడదు. మాటకి బదులు సెప్తే లెక్క పోద్ది. మీ నాన్న నాకు తెడ్డేసే రోజుల్లో తేలు కుట్టిందని అరిసినాడు. నాను తిరగలేదు. ఒడ్డుకొచ్చినాకే సూసినాను, కుట్టిన మాట నిజమే.

మొన్న ఎంతసేపు కాసుకున్నామో తెలుసా? ఇరవై రెండు నిమసాలు. నాగబాబు ఫోను సూసి సెప్పినాడు. పది నిమసాలకే ఆడు మొదలెట్టినాడు. "మావా ఎల్దాం. మావా, సందుంది గదా. మావా, ఇనపడతాదా?" నాకు ఇనపడదు, గంగరాజు తరవాత సెప్పినాడు, గాని పీట మీద ఆడి కాళ్లు కొట్టుకోవడం తెలుస్తన్నాది. ఆకరికి నా బుజం పట్టుకుని ఊపీసినాడు. నాను తిరగలేదు. సందొచ్చింది, సెయ్యి దించినాను, గంగరాజు ఒక్క ఊపుకి ఒడ్డెక్కించీసినాడు. పంచె తడవలేదు.

దిగినాక నాగబాబు ఇసకలో కూలబడి ఏటన్నాడో తెలుసా? "మావా, నా సేతిలో కర్రుంటే నిన్ను కొట్టీసుందును. ఆ దొరా ఇలగే కొట్టుంటాడు." ఈదిలోకొచ్చి ఆడే అందరికీ సెప్పినాడు. నాను సెప్పక్కర్లేకపోయింది.

అమ్మా, దొర అబద్ధం రాయలేదు. తెడ్లెత్తీసినారు, నిజమే. కదల్లేదు, నిజమే. కొట్టినా మాటాడలేదు, నిజమే. "ఒప్పుకోలేదు" అన్నదొకటే ఆడు సూసింది కాదు, అనుకున్నది.

నువ్వు పుట్టింది ఈ ఒడ్డునే. అయినా దొర అనుకున్నదే నువ్వూ అనుకున్నావు. తప్పు నీది కాదు. ఆడగుంటవని నిన్నెప్పుడూ పడవెక్కించలేదు. పుస్తకమే ఇచ్చినాను, నీళ్లు సూపించలేదు.

ఓడ మార్సొద్దు. నా మాట నమ్మి రాసీయొద్దు కూడా. పనోడి సాచ్చికం పనిలోనే ఉంటాది. ఆ నలభై బస్తాలూ ఏటయినాయో సూడు. తడిసినాయా, ఎండుగా దిగినాయా? ఆరోజు కాసుకోకుండా ఎల్లిన పడవేదైనా ఉంటే, దానికేటయిందో సూడు. దొరలు మడుసుల్ని సరిగ్గా సూడకపోయినా, బస్తాల్ని సూసుంటారు.

మీ తాత
నూకయ్య

(నాగబాబు కూడా ఒక మాట రాయమన్నాడు: "మరదలు పిల్లా, మీ తాతతో పడవెక్కితే ముందు గొంతు ఇంటికాడ పెట్టి రా.")


విజయనగరం,
జులై 21

తాతా, తాతా, తాతా,

అక్కా, ఇది వీధిలోనే చదువు. వీలయితే గుడి మైకులో చదువు.

బస్తాల సంగతి దినచర్య పుస్తకంలో ఉండదు. ఓడలో సామాన్ల గుమస్తా రాసే సరుకు పుస్తకం వేరే ఉంటుంది. అది వేరే ఫైలులో ఉంది, నేను దాన్ని తెరవనే లేదు. అందులో యుద్ధాలేముంటాయి, బొగ్గూ ఉప్పుమాంసం తప్ప అనుకున్నాను. నీ ఉత్తరం అందిన రోజే తెరిచాను.

జులై 16, అదే రోజు. మధ్యాహ్నం 2.40కి ఓడ సొంత పడవ పదిమంది నావికులతో, ఇరవై బస్తాలతో బయలుదేరింది. మన పడవల కోసం ఆగడమెందుకని వాళ్లే వెళ్లారు. కెరటాల్లో బోల్తా పడింది. ఇద్దరు నావికులు మునిగిపోయారు. వాళ్ల పేర్లున్నాయి. ఒకడికి పంతొమ్మిదేళ్లు. బస్తాలన్నీ పోయాయి.

దాని కింద గీతలో: "ఏడో నంబరు పడవ. ఎక్కించినవి 40. ఒడ్డు చేరినవి 40. సమయం 3.35. తడిసినవి: లేవు."

తాతా, తడిసినవి లేవు! 3.10 నుంచి 3.35. ఇరవై ఐదు నిమిషాలు. నువ్వు మొన్న కాసుకున్నది ఇరవై రెండు.

ఇంకా ఉంది. పోలయ్యని తీసేశాక మూడు రోజుల్లో రెండు పడవలు తిరగబడ్డాయి, అరవై బస్తాలు తడిసిపోయాయి. ఆ పడవల్లో కూర్చున్న అధికారులు వెళ్లు వెళ్లు అని తొందరపెట్టి ఉంటారని నా ఊహ. ఊహ అని తెలిసేలాగే రాస్తాను. కానీ ఇది ఊహ కాదు. నేను ఆగిపోయిన చోటు దాటి ఇప్పుడు చదివితే, జులై 20న దినచర్య పుస్తకంలో చేతిరాత మారింది. ఓడ కెప్టెన్ స్వయంగా రాశాడు:

"ఏడో నంబరు రేకు తిరిగి ఇచ్చి, దాన్ని నడిపేవాణ్ని పనిలోకి తీసుకోవడమైనది. ఇకమీదట అన్ని పడవలూ అతను చెయ్యి దించేవరకు ఆగాలి. పడవలో ఉన్న మన అధికారులెవరూ మాట్లాడరాదు."

రాణిగారి ఓడలో కెప్టెన్ తన అధికారుల నోళ్లు మూయించాడు తాతా, మన పోలయ్య చెయ్యెత్తితే! ఓడ అక్కడున్న పదకొండు రోజుల్లో రెండు వేల నూట నలభై బస్తాలు దిగాయి. ఆ ఆజ్ఞ తర్వాత బోల్తా అన్న మాట ఒక్కచోట కూడా లేదు.

ముసాయిదా రాసి సర్ దగ్గరికి పరిగెత్తాను. ఇది మా ఇంటి పెద్ద గురించి అని అప్పుడు చెప్పాను. ఆయన పుటలన్నీ చూసి, "బస్తాల లెక్క బాగుంది. కెప్టెన్ ఆజ్ఞ ఇంకా బాగుంది. కానీ వాళ్లు తెడ్లెత్తి మౌనంగా ఉండటం పడవవాళ్ల పద్ధతి అని రాశావు. దానికి ఆధారమేది?" అన్నారు. మా తాత చెప్పారన్నాను. "నువ్వు చూశావా?" అని అడిగారు.

చూడలేదన్నాను.

అరుణశ్రీ


ఇసకదిబ్బలపాలెం,
జులై 30

అరుణకి,

మైకు దొరకలేదు. కుమారి గొంతే మైకు. "తడిసినవి లేవు" అన్న ముక్క నాలుగుసార్లు సదివించినాను. నాలుగోపాలికి ఈదిలో గుంటలు కూడా అదే పాటలాగ అరవడం మొదలెట్టినారు. నాగబాబు ఇంటికెల్లి సందువా చేప తెచ్చి మీ నాయనమ్మ సేతిలో పెట్టినాడు.

మునిగిపోయిన ఆ ఇద్దరి పేర్లూ బోర్డు మీద రాయి. పంతొమ్మిదేళ్లోడికి తల్లి ఉంటాది. ఆడికి కెరటం సంగతి సెప్పినోడు లేడు, అంతే.

మీ సారు మంచి పెశ్నే అడిగినాడు. నువ్వు సూడలేదు. అయితే రా, సూడు.

మన ఊళ్లో ఆడోళ్లు పడవెక్కరు. నాకు తెలిసి ఎవరూ ఎక్కలేదు. పెద్దోళ్లని కూకోబెట్టి అడిగినాను. ధనరాజు తలాడించినాడు, "గంగమ్మకి కోపమొస్తాది మావా, సిన్నప్పట్నుంచీ ఇంటన్నాం" అన్నాడు. మీ నాయనమ్మ గుమ్మంలోంచి, "గంగమ్మ ఆడది కాదేటిరా? ఆవిడ రోజంతా నీళ్లలోనే ఉంటాది, ఎవుడూ ఏటీ అనడు. నా మనవరాలు గంటసేపుంటే ఆవిడకి కోపమొస్తాదా?" అన్నాది. మిగిలినోళ్లు నవ్వీసినారు. నవ్వినాక ఇంక కాదనలేరు గదా.

పదకొండో తేదీ ఆదివారం రా. సల్వారు బిగుతుగా కట్టుకో. పొద్దున్న ఏటీ తినొద్దు.

నూకయ్య


విజయనగరం,
ఆగస్టు 14

తాతకి,

ఆదివారం నీ ఎదుట చెప్పలేకపోయాను. వాంతులతోనే సరిపోయింది. గంగరాజు మామ పడవ ఎన్ని బకెట్లతో కడిగాడో, నా తరఫున ఇంకోసారి క్షమించమను.

కెరటాల వెనక మనం ఆగినప్పుడు నేను నీ వెనకే కూర్చున్నాను. నువ్వు చెయ్యెత్తావు. మొదటి ఐదు నిమిషాలు బాగానే ఉంది. తర్వాత పడవ పైకి లేచి కిందికి పడ్డప్పుడల్లా ఒడ్డు కనపడి మాయమవుతోంది. నాయనమ్మ ఎర్రచీర కనపడుతోంది, పోతోంది. ఇదిగో ఇప్పుడు ఖాళీగా ఉంది, వెళ్లొచ్చు కదా అనిపించింది. మళ్లీ అనిపించింది. నీ చెయ్యి కదల్లేదు. నాకు భయం పోయి కోపం వచ్చింది తాతా. నిజంగా, నీ మీద. ఈ ముసలాయనకి వినపడదు, కనపడుతోందో లేదో, మమ్మల్నందర్నీ ఇక్కడే ముంచేస్తాడా అనుకున్నాను. నీకు తెలియాలి, అందుకే రాస్తున్నాను. నా నోట్లోంచి "తాతా!" అని కేక వచ్చింది కూడా. గంగరాజు మామ నా నోరు నొక్కేశాడు.

అప్పుడే ఆ రెండో లెఫ్టినెంటు నాకు అర్థమయ్యాడు. కాసేపటి ముందే తన ఓడ మనుషులు ఇద్దరు అదే నీళ్లలో పోవడం చూశాడు. తనూ భయపడి ఉంటాడు. చేతిలో కర్ర ఉంది, అవతలివాడి చేతిలో ప్రాణం ఉంది. అతను చేసింది తప్పే. ఇప్పుడతని మీద నాకు అసహ్యం లేదు, అంతే. పోలయ్య మీద ఉన్న గర్వం మాత్రం రెట్టింపయింది. దెబ్బ తగిలినప్పుడు కూడా లెక్క తప్పని మనిషి ఎలా ఉంటాడో, నీ వీపు చూస్తూ తెలుసుకున్నాను. నీ చెయ్యి దిగడం, పడవ దూకడం, కాళ్ల కింద ఇసక తగలడం అన్నీ ఒక్క ఊపిరిలో అయిపోయాయి.

సోమవారం ఒక్కరోజులో బోర్డు రాసేశాను. సెరాఫిన్ ఇరవై నాలుగేళ్ల సర్వీసు మొత్తం ఉంది. థేమ్స్, రంగూను, నల్ల సముద్రం, కలకత్తా, చైనా, 1871లో పాత ఇనుము కింద అమ్మేసేదాకా. ఫిరంగులు ఎవరి మీద పేల్చారో కూడా రాశాను. నౌకాదళం రాసుకున్న ఓడ చరిత్రలో బియ్యం మాటే లేదు. నా బోర్డులో ఆ పదకొండు రోజులకి సగం చోటు ఇచ్చాను. లెఫ్టినెంటు రాసింది ఒక పక్క, సరుకు పుస్తకంలో గీత రెండో పక్క, మధ్యలో కెప్టెన్ ఆజ్ఞ. నావికులిద్దరి పేర్లు. సూరాడ పోలయ్య పేరు, నువ్వు అడిగినంత లావుగా. ఏడో నంబరు పడవ నడిపింది ఆయనే అన్నది కుటుంబం చెప్పిన మాట అని పక్కనే రాశాను. అది కూడా నిజమే కదా.

బోర్డు అడుగున ఆధారాలు అని ఒక వరుస ఉంటుంది. ఏ విషయం ఎక్కడ దొరికిందో అక్కడ చెప్పాలి. మొదట ఓడ దినచర్య పుస్తకం, తర్వాత సరుకు పుస్తకం, తర్వాత మన తీరం అప్పట్లో చేరి ఉన్న గంజాం జిల్లా గురించి అచ్చయిన ఒక పుస్తకం. నాలుగోది నేను ఇలా రాశాను: "కెరటాలు దాటే పద్ధతి గురించి: సూరాడ నూకయ్య, 74 ఏళ్లు, మత్స్యకారుడు, ఇసకదిబ్బలపాలెం. ఆగస్టు 11న సముద్రంలో చూపించగా రచయిత్రి స్వయంగా చూసినది."

నరసింగరావు సర్ నిన్న అదంతా చదివారు. ఆధారాల దగ్గర ఆగిపోయారు. నేను వాదించడానికి సిద్ధంగా నిలబడ్డాను. సరుకు పుస్తకం తెరవమని చెప్పింది మా తాతే సర్, ఆయన చెప్పకపోతే నేను తప్పు చరిత్ర రాసేదాన్ని అని మనసులో వాక్యాలు పేర్చుకుంటున్నాను.

ఆయన జేబులోంచి ఎర్రపెన్ను తీశారు.

నీ పేరు ముందు "శ్రీ" అని చేర్చి, కాగితం నాకు తిరిగిచ్చేశారు.

నీ మనవరాలు
అరుణశ్రీ